పట్టి వదిలేదేంటికి?

సంక్రాంతి సెలవుల్లో ఏం చేశావని క్లాసులో అడిగితే, "కొడగులో కావేరి ఒడ్డున పొద్దున్నించి సాయంత్రం దాకా గాలం వేశాను, దొరికిన చేపను మళ్ళీ నీళ్ళలోనే వదిలేశాను" అన్నాను. అప్పటినుంచి నాకు రెండు వైపులా చీవాట్లే. చేపలు తినే స్నేహితులేమో "వదిలేదానికి పట్టేదేంటికే?" అంటున్నారు. తినని వాళ్ళేమో "నోరులేని జీవం నోట్లో కొక్కెం గుచ్చి ఆడుకోవడం ఏం సరదా?" అంటున్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. క్యాంటీన్‌లో టీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబులు కావు కాబట్టి మన గోడపత్రికలో కాస్త చోటు అడిగి తీసుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చేపను పట్టి, కొలిచి, రాసుకుని, ప్రాణంతో వదిలే ఈ ఆటను గట్టి నియమాలు పెట్టి, ఆ ఊరి గైడ్ల చేతుల్లో ఉంచి సాగనివ్వాలి. మన నదుల్ని రోజూ చూసే కళ్ళు తగ్గిపోతున్నాయి. ఎవరూ చూడని నదిని పాడుచేయడం చాలా సులభం.

మొదట ఆ ఆట ఏమిటో చెప్పాలి. మనకు తెలిసిన గాలం అంటే వెదురు కర్ర, దారం, కొక్కెం, వానపాము. ఎర బరువుకో, దారానికి కట్టిన సీసపు గుండు బరువుకో దారం దూరంగా పోయి పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో కనిపించే బొమ్మ కడతారు. దానికి బరువే ఉండదు. బరువంతా లావుపాటి లైనులో ఉంటుంది. తొమ్మిదడుగుల సన్నటి కర్రతో ఆ లైనును వెనక్కి విసిరి, అది గాల్లో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆగకపోతే లైను కాళ్ళ దగ్గరే కుప్పగా పడుతుంది. గైడు అణ్ణ నాకు రెండు గంటలపాటు నేర్పింది ఈ ఆగడం ఒక్కటే. "బలం పెట్టొద్దమ్మా, వెనకాల లైను సాగనియ్" అని ఆయన కన్నడంలో చెప్తూనే ఉన్నాడు. మా చిన్నాయన బలం పెడుతూనే ఉన్నాడు. ఆయన బొమ్మలు రెండు మద్దిచెట్టు కొమ్మల్లో వేలాడుతూ ఉండిపోయాయి.

ఈ ఖర్చంతా చిన్నాయనదే. పర్మిట్టు, గైడు కూలి, అద్దె కర్ర అన్నీ కలిపితే నా జేబుకు అందే వ్యవహారం కాదు. ఈ మాట ఇక్కడే చెప్పి పెడుతున్నాను, కింద దాని గురించి మాట్లాడాలి.

రోజంతా అక్కడ జరిగేది చేపలు పట్టడం అనుకుంటే పొరపాటు. నీళ్ళను చదవడం జరుగుతుంది. ఆరున్నరకు మంచులో నది దగ్గరికి పోతే నాకు కనిపించింది ఒకే నీళ్ళు. గైడు అణ్ణకు అందులో పది రకాలు కనిపించాయి. బండ ముందు నీళ్ళు వేగం, వెనక నెమ్మది. వేగమూ నెమ్మదీ కలిసే గీత దగ్గర చేప కాచుకుని ఉంటుంది. తక్కువ కష్టంతో నిలబడొచ్చు, కొట్టుకొచ్చిన తిండి అందుకోవచ్చు. పొద్దెక్కి నీళ్ళు వెచ్చబడ్డాక ఆక్సిజన్ ఎక్కువుండే పరవళ్ళ వైపు జరుగుతుంది. ఒడ్డున అత్తిచెట్టు కాయలు రాలుస్తుంటే దాని కింద మడుగులో చేరుతుంది. ఔను, మహశీర్ చేప పండ్లు తింటుంది. ఎండ్రకాయల్నీ తింటుంది. దవడల్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి, పెంకును అక్కడ నలిపేస్తుంది. రోహు, బొచ్చె చేపలకు దూరపు చుట్టమే, గుణం మాత్రం వేరే. ఒకప్పుడు కిందనున్న కావేరి క్యాంపుల్లో దీనికి వేసిన పేరుమోసిన ఎర ఏమిటో తెలుసా? ఉడకబెట్టిన రాగిపిండి ముద్ద. మనం సంగటి తినే నేల మీద పారే నదిలో చేపకూ అదే ఎర!

ఇదంతా గైడు అణ్ణ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన బడి ఐదో తరగతితో ఆగిపోయిందట. నదిని గురించి ఆయనకు తెలిసింది రాస్తే మన లైబ్రరీలో ఒక అర పడుతుంది. అలాంటి తెలివికి రోజుకూలి ఇచ్చి, గౌరవంగా "మీరు చెప్పండి, మేం వింటాం" అనే పని మన దగ్గర ఇంకెక్కడైనా ఉందా? దక్షిణ కర్ణాటక కావేరి క్యాంపుల్లో గైడ్లుగా చేరినవాళ్ళలో కొందరు అంతకుముందు దొంగతనంగా చేపలు పట్టినవాళ్ళే. చేప ఎక్కడుంటుందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆ తెలివే బతికున్న చేప మీద జీతం తెచ్చిపెడితే, చచ్చిన చేపను అమ్ముకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఇందులో దయాధర్మం కంటే లెక్క ఎక్కువ. ఆ లెక్క కుదిరినన్నాళ్ళూ నది బాగుపడుతుంది.

నాకు చేప పడింది నాలుగున్నర దాటాక. పొద్దున్నించీ ఎన్నిసార్లు విసిరానో లెక్కలేదు, భుజం పీకుతోంది. ఒక్కసారిగా కర్ర వంగింది, లైను నీళ్ళను కోసుకుంటూ పోయింది. పది నిమిషాలు పట్టింది దగ్గరికి రావడానికి. రెండు కిలోలుండొచ్చన్నాడు అణ్ణ. రెక్కలు నీలంగా, పొలుసులు ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత. చేతులు తడి చేసుకున్నాకే ముట్టుకోనిచ్చాడు. పొడి చేత్తో ముడితే దాని ఒంటిమీది జిగురు పొర ఊడిపోయి జబ్బు పట్టుకుంటుందట. నీళ్ళలోంచి పైకెత్తనివ్వలేదు. చిన్నాయన ఫోటో అడిగితే "నీళ్ళలోనే తీసుకోండి సార్" అన్నాడు. కొక్కేనికి ముల్లు లేదు కాబట్టి వేలితో తిప్పితే వచ్చేసింది. తర్వాత దాని తల ప్రవాహానికి ఎదురుగా ఉండేట్టు పట్టుకోమన్నాడు. నా చేతుల్లో దాని మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నిమిషం గడిచిందో లేదో, తోకతో నా మొహాన నీళ్ళు కొట్టి పోయింది.

అప్పుడు అణ్ణ జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. తేదీ, చోటు, చేప రకం, పొడవు, అంచనా బరువు, నీళ్ళు తేటగా ఉన్నాయా బురదగా ఉన్నాయా అన్నీ రాశాడు. నా వాదన అంతా ఆ నోటు పుస్తకం మీదే నిలబడి ఉంది.

కావేరిలో మహశీర్ ఒక్క రకం కాదు. నేను పట్టింది నీలిరెక్కల మహశీర్. కావేరికి సొంతమైన పెద్ద చేప వేరే ఉంది, మూపురం మహశీర్. తల వెనక ఎద్దుకున్నట్టు మూపురం, నారింజ రంగు రెక్కలు. కావేరి, దాని ఉపనదులు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబానికి చెందిన ఒకాయన కబినిలో పట్టిన మహశీర్ 120 పౌండ్లు తూగింది, అంటే దాదాపు 54 కిలోలు. మనలో చాలామంది అంత తూగం!

ఇంత పేరున్న చేప కరిగిపోతోందని మొదట ఎట్లా తెలిసింది? నోటు పుస్తకాల వల్లే. గాలిబోరె క్యాంపులో 1998 నుంచి 2012 దాకా గాలం వేసినవాళ్ళు పట్టి వదిలిన ప్రతి చేపనూ రాసి పెట్టారు. 2015లో శాస్త్రవేత్తలు ఆ లెక్కలన్నీ కలిపి చూశారు. మొత్తం మహశీర్లు పెరిగినట్టే కనిపించాయి. విడదీసి చూస్తే పెరిగింది నీలిరెక్కలవి, మూపురం చేపలు పడిపోయాయి. పైగా దొరికిన కొద్ది మూపురం చేపల సగటు బరువు పెరుగుతూ పోయింది. బరువు పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ దాని అర్థం పిల్ల చేపలు రావడం లేదని. ఊళ్ళో ముసలివాళ్ళే మిగిలి బడి మూతపడ్డట్టు. 2018లో ఈ చేప శాస్త్రీయ నామం టోర్ రమాదేవీ అని తేలింది, అదే ఏడు అది అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవాల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. ఆ పేరు ఎవరిదో కూడా చెప్పాలి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన చేపల శాస్త్రవేత్త కె. రమాదేవి గారిది. కావేరిలోని అతి పెద్ద చేపకు ఒక స్త్రీ పేరుందని ఈ కాలేజీలో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ నీలిరెక్కలది ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని శాస్త్రం మొదట గుర్తించింది పుణె దగ్గర ములా-ముఠా నదిలో. ఆ నీళ్ళు భీమలో, భీమ కృష్ణలో కలుస్తాయి. లోణావాలా హేచరీలో పెంచిన పిల్లల్ని తెచ్చి కావేరిలో వదిలారు. నది నిండాలనీ, ఆట పెరగాలనీ మంచి ఉద్దేశంతోనే చేశారు. ఫలితం చూశారుగా. మనమూ కృష్ణ వైపు నుంచి కావేరి వైపు వచ్చినవాళ్ళమే, మా ఇంట్లో ఎన్ని తరాలయిందో అవ్వకే తెలియదు. కానీ మనం వచ్చి ఇక్కడి భాషల్ని మింగలేదు, నేర్చుకున్నాం. చేపకు ఆ సర్దుబాటు తెలియదు కదా. అందుకే మనుషులు ముందే ఆలోచించాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో వేట నిషేధం, పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. అందువల్ల కావేరి అభయారణ్యంలోని క్యాంపుల్లో గాలం ఆట 2012 నాటికి ఆగిపోయింది. గాలిబోరె లెక్కలూ అక్కడితో ఆగాయి. చట్టాన్ని నేను తప్పు పట్టడం లేదు, అభయారణ్యం అంటే అభయం ఇవ్వాల్సిందే. నేను అడిగేది ఒక్కటే. పట్టి వదిలేవాడు వెళ్ళిపోయినంత మాత్రాన మందుపాతర పేల్చి చేపలు పట్టేవాడు వెళ్ళిపోడు. మందు పేలితే ఆ మడుగులో తల్లి, పిల్ల, ఎండ్రకాయ అన్నీ పోతాయి. ఆ చప్పుడు వినడానికి ఒడ్డున ఎవరో ఉండాలి. ఆ ఉండేవాళ్ళకు కూలి ఎవరో ఇవ్వాలి. ఆట వద్దంటే సరే, దాని బదులు ఆ పని ఎవరు చేస్తారో కూడా అప్పుడే చెప్పాలి.

ఇప్పుడు జాలి ప్రశ్నకు వస్తాను. చేపకు బాధ ఉండదని నేను అనను. నా చేతుల్లో అది ఆయాసపడటం చూశాను. ఎండాకాలం వెచ్చటి నీళ్ళలో ఎక్కువసేపు లాగాడిస్తే వదిలాక కూడా చచ్చిపోవచ్చు. బండ మీద పడుకోబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్ళను నేను సమర్థించను. కానీ జాలిని ఒక్క కొక్కెం దగ్గరే ఆపేయకూడదు. ఇసుక తోడేస్తే గుడ్లు పెట్టే చోటు పోతుంది. ఆనకట్ట కడితే వానాకాలంలో పైకి ఈదే దారి మూసుకుపోతుంది. కొడగులో కాఫీ పండ్లు ఒలిచిన నీళ్ళు అట్లాగే ఏట్లోకి వదిలితే ఆక్సిజన్ పడిపోతుంది. మనం తాగే ఫిల్టర్ కాఫీ ఏ చేపకూ కొక్కెం వేయలేదు, అయినా దాని చెయ్యీ ఇందులో ఉంది. బెంగళూరులో కొళాయి తిప్పితే వచ్చే కావేరి నీళ్ళ సంగతి కూడా అంతే. నది నుంచి రోజూ తీసుకుంటూ ఒక్క చేప దగ్గర మాత్రం "అయ్యో పాపం" అనడం నాకు కుదరడం లేదు.

మన సంప్రదాయంలో ముట్టకుండా కాపాడే పద్ధతి ఉంది కదా అని ఒక మిత్రురాలు అంది. ఉంది, గొప్పగా ఉంది. తుంగ ఒడ్డున శృంగేరిలో, కపిల ఒడ్డున శిశిలలో, కావేరి మీద రామనాథపురలో గుడి మెట్ల దగ్గర చేపల్ని దేవుడి చేపలుగా చూస్తారు, జనం మరమరాలు వేస్తారు. కానీ అది మెట్ల దగ్గరి కొద్దిపాటి నీళ్ళకే కాపలా. మైలు కిందకి పోతే కాపలా లేదు. భక్తి అందని చోట ఇంకేదో ఒక కట్టుబాటు కావాలి.

ఇంకొకరు "ఇదంతా తెల్లదొరల ఆట" అన్నారు. ఫ్లై ఫిషింగ్ కర్రా, లైనూ బయటనుంచి వచ్చినవే, కాదనను. గాలం వేసి సరదా పడటం మాత్రం వాళ్ళు నేర్పలేదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో 'మత్స్యవినోదం' అని ఒక భాగమే ఉంది. చేపల రకాలు, వాటికి వేయాల్సిన ఎరలు, గాలం కర్రల సంగతులు అందులో ఉన్నాయి. రాజుగారి వినోదాల్లో చదరంగం, సంగీతంతో పాటు గాలానికీ చోటుంది.

రాజుగారి వినోదం అన్నాను కదా, అక్కడే అసలు చిక్కు. ఇది డబ్బున్నవాళ్ళ ఆట. పర్మిట్టు కొన్నవాడికి ఫోటో, ఒడ్డు ఊరి కుర్రాడు కూరకోసం ఒక కొక్కెం వేస్తే జరిమానా అయితే ఆ నియమం నిలబడదు, నిలబడకూడదు కూడా. మామూలు రకాల చేపల్ని ఇంటి తిండికి పట్టుకునే ఊరివాళ్ళ హక్కు ముందు, మా చిన్నాయన సరదా తర్వాత. నదికి శత్రువు ఆ కుర్రాడి గాలం కాదు. మందుపాతర, విషం, దోమతెర లాంటి సన్నకన్ను వల, ఇసుక లారీ.

ఇంకొక మాట మనకోసం. ఆడవాళ్ళు నదికి పోవడం పాటల్లో, కథల్లో మనకు కొత్త కాదు. అయితే బిందె ఉంటుంది, లేదా బట్టల మూట ఉంటుంది. పని అయ్యాక ఇంటికి రావాలి. ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, పొద్దంతా మోకాటి లోతు నీళ్ళలో నిలబడి లకుముకి పిట్టను చూడటం నాకు పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. ఆ రోజు రేవులో నేను ఒక్కదాన్నే అమ్మాయిని. గైడ్లు అందరూ మగవాళ్ళే. నది ఒడ్డున పుట్టి పెరిగి, చేపలు కడిగి, నీళ్ళు మోసి, వరద వాసన ముందే పట్టే ఆడవాళ్ళకు ఈ పని ఎందుకు రాకూడదు? బలం అక్కర్లేదని గైడు అణ్ణే చెప్పాడు కదా.

కాబట్టి నేను కోరేది ఇది. అభయారణ్యాల బయట, చేప గుడ్లు పెట్టే వానాకాలం నెలలు వదిలేసి, ముల్లులేని కొక్కెంతో, చేపను నీళ్ళలోంచి ఎత్తకుండా, స్థానిక గైడు తోడుంటేనే ఆటకు అనుమతి ఇవ్వాలి. ఎండలు ముదిరి నీళ్ళు వెచ్చబడితే ఆపేయాలి. గైడ్లలో ఆడవాళ్ళుండాలి. ప్రతి చేప లెక్కా ఒక నోటు పుస్తకంలో మూలన పడి ఉండకుండా ఏటా మత్స్యశాఖకూ, చదువుకునేవాళ్ళకూ అందాలి. బయటి చేప పిల్లల్ని నదిలో వదిలే ముందు ఆ నదికి సొంతమైన చేప ఏదో చూడాలి. ఈ షరతులు ఒప్పుకోనివాళ్ళు ఆటలోకి రాకూడదు.

చివరగా మన డిపార్ట్‌మెంట్ చేయగలిగిన పని ఒకటుంది. తెలుగులో గాలం, ఎర అనే మాటలు మోసానికే ఎక్కువ వాడుతున్నాం. "వాడికి గాలం వేశారు", "ఎర చూపారు", అంతే. "పుట్టి మునిగింది" అంటాం, కావేరి మీద ఇప్పటికీ తిరిగే ఆ గుండ్రటి పుట్టిని ఎక్కినవాళ్ళం కొద్దిమందే. మడుగు, సుడి, రేవు, పరవ, ఇసుకతిన్నె లాంటి మాటలు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట ఇంకా ఉన్నాయి. కన్నడంతో, తమిళంతో కలిసి మారిన చేపల పేర్లు కూడా ఉంటాయి. మహశీర్‌ను ఇక్కడ కన్నడంలో బిళి మీను అంటారు. మన ఇళ్ళల్లో దానికి ఏ పేరుందో ఇంకా సేకరించాలి. ఈ కాగితం కింద ఒక ఖాళీ షీటు అంటించాను, దారం కట్టి పెన్ను కూడా పెట్టాను. ఈ వారాంతం ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను, తాతను అడిగి మూడు పేర్లు తెచ్చి దాని మీద రాయండి. ఊరి పేరు, నది పేరు కూడా పక్కనే రాయండి. నాతో ఒప్పుకోనివాళ్ళూ అదే షీటులో రాయొచ్చు. పెన్ను మాత్రం తీసుకుపోవద్దు.